వాగు మునిగే చోటు

నవంబరు మొదటి ఆదివారం. మొరావియా సున్నపురాతి గుహల అడవిలో, ఇప్పుడే బస్సు దిగిన అత్తాకోడళ్ళు.

"అయితే మీరు బస్సులో నిద్రపోలేదన్నమాట."

"కళ్ళు మూసుకున్నాను ఇవోనా. చెవులు మూసుకోలేదు. ఫోన్లో ఎవరతను?"

"ఎవరూ లేరు అత్తయ్యా. రండి, దారి ఇటు. ఎర్ర గీత ఈ చెట్టు మీద ఉంది."

"ఏడేళ్ళ నుంచి వస్తున్నాను, నాకు గీతలు చూపించకు. ఎవరూ లేకపోతే 'తిన్నావా' అని ఎవర్ని అడిగావు, డ్రైవర్నా?"

"ఆకుల కింద రాళ్ళు జారుతున్నాయి, చూసి నడవండి."

"అబ్బో, ఆ జంటని చూడు. చేతికో కర్ర, నెత్తికో పట్టీ. మంచు పడకుండానే స్కీయింగుకి వచ్చినట్టున్నారు."

"మెల్లగా. వింటారు."

"విననీ. ఒకటడుగుతాను చెప్పు. నీ వీపు సంచీ పట్టీ ఎవరు కుట్టారు?"

"పట్టీయా?"

"పోయినేడు తెగి వేలాడుతుండేది. ఇప్పుడు మైనం పూసిన దారం, రెండు వరసల కుట్టు. నీకా, సూదిలో దారమే ఎక్కదు."

"దుకాణంలో ఇచ్చాను."

"ఏ దుకాణం?"

"స్టేషను పక్కన. చెప్పులూ బూట్లూ బాగుచేస్తాడు... లుబోర్ అని."

"ఓహో. దుకాణం వాడికి పేరు కూడా ఉందా."

"అత్తయ్యా..."

"నడు, నడు. మాట్లాడుతూ ఎక్కితే నాకు ఆయాసం."

"మరి మాట్లాడేది మీరే కదా."

"అందుకే ఆయాసం. మన బ్ర్నోలో ఇవాళ ట్రాముల నిండా చేమంతులే, చూశావా? పోయినవాళ్ళని తలుచుకునే పండగని ఊరంతా తమవాళ్ళ సమాధుల దగ్గరికి పోతుంటే, మనమే దీపం పట్టుకుని బస్సెక్కి అడవిలో పడ్డాం."

"వీటెక్‌కి సమాధి లేదు కదా."

"కోర్టు కాగితం ఉందిగా నీ దగ్గర. నీ మొగుడు చచ్చిపోయాడని."

"సంతకం పెట్టమన్నది మీరే."

"పెట్టమన్నాను. నమ్మమనలేదు."

వాగు నేలలోకి దూరిపోయే రాతి గుంట దగ్గర.

"గుహ నోటి చువ్వలకి ఆకులు అడ్డం పడ్డాయి, తీసెయ్."

"మీరు అక్కడే ఉండండి. ఈసారి నీళ్ళు ఎక్కువున్నాయి."

"వాడు గుహలోకి దిగిన రోజు ఇంతకన్నా ఎక్కువ. ఇక్కడేమో ఎండ. ఎగువన వాన దంచేస్తోందని లోపలున్న వాళ్ళకేం తెలుసు?"

"తెలుసు అత్తయ్యా. ప్రతిసారీ చెబుతారు."

"చెప్పనీవే. వాడి స్నేహితులు ఇద్దరూ బయటికొచ్చారు. నా కొడుకు మాత్రం తాడు మరిచిపోయానని వెనక్కి వెళ్ళాడు. తాడు! ఆ తాడు కొత్తది కొనిద్దును కదా."

"ఇంక వద్దు."

"పంపులు పెట్టి తోడారు, తోడారు, నీళ్ళు తగ్గాయా? చివరికి గుహకి ఈ ఇనప చువ్వలు బిగించి చేతులు దులిపేసుకున్నారు. లోపల మనిషి ఉన్నాడన్న ధ్యాసే లేదు."

"దీపం వెలిగింది. గాలికి ఆరకుండా నేను అడ్డు కూర్చుంటాను."

"ఆఁ. ఇంక మాట్లాడకు. బండకి చెవి ఆనించి వింటాను."

"బండంతా తడి. నా స్వెట్టరు పరవనీయండి."

"ష్."

"నీళ్ళు లోపల రాళ్ళని కొడతాయి అత్తయ్యా. ఆ చప్పుడే అది. గుహలు తెలిసినవాళ్ళు కూడా అదే అన్నారు."

"నీళ్ళ చప్పుడు నాకు తెలుసు. వాడు సుత్తితో రాయి మీద తట్టే చప్పుడూ తెలుసు. పెళ్ళానికి వినబడకపోతే తల్లికి కూడా వినబడకూడదా?"

"వినబడకూడదని ఎవరన్నారు."

"మరైతే నోరు మూసుకో."

"అత్తయ్యా? చాలాసేపైంది. లేవండి, చలి. ఏడుస్తున్నారా?"

"లేదు."

"లేదంటే? ఏడవట్లేదా, వినబడట్లేదా?"

"వినబడట్లేదు. ఒక్క నీళ్ళే. ఇవోనా, ఒక్క నీళ్ళే! ఏ ఏడూ ఇలా లేదు. నువ్వొకసారి చెవి పెట్టి చూడు."

"నాకెప్పుడు వినబడింది గనక?"

"నా చెవులు ముసలివైపోయాయేమో. పెట్టి చూడమంటున్నాను."

"సరే సరే, జరగండి. అమ్మో, రాయి ఎంత చల్లగా ఉంది!"

"ఊఁ?"

"ఆగండి."

"ఏమిటి?"

"ఆగండత్తయ్యా!"

"ఏమిటే? మొహం అలా పెట్టావేం?"

"ఏమీ లేదు."

"ఏమీ లేకపోతే అలా తెల్లబోయావేం?"

"చలికి చెవిలో పోటు పుట్టింది. అంతే. నీళ్ళే. మీరన్నట్టు ఒక్క నీళ్ళే."

"తట్టడం లేదుగా?"

"లేదు."

"ఒట్టు?"

"తట్టడం లేదు. ఒట్టు. టీ తాగండి, చలి తగ్గుతుంది."

"ఫ్లాస్కు మూత కూడా తిప్పలేకపోతున్నావు, ఇలా తే. రమ్ము పోశావా ఇందులో?"

"కొంచెం."

"కొంచెమే! పోన్లే, మంచి పని చేశావు. అయితే... పోయాడన్నమాట."

"ఎవరు?"

"ఎవరేమిటి? నా కొడుకు. ఇవాళ పోయాడు. ఇన్నేళ్ళూ తట్టి తట్టి, అమ్మ తలుపు తీయదని అలిసి పడుకున్నాడు. ఏడుపు రావాలి కదా నాకు? రావట్లేదేం? గుండె మీది బండ ఎవరో పక్కకి దొర్లించినట్టుంది. తప్పు కదూ?"

"తప్పు కాదు అత్తయ్యా."

"రొట్టె తియ్యి, ఆకలేస్తోంది. ఇక్కడ నాకు ఎప్పుడన్నా ఆకలేసిందా?"

"ఎప్పుడూ లేదు."

"నువ్వు తినవేం?"

"తింటాను."

"ఆ గుంటకేసి అలా చూడకు. ఇటు తిరుగు. ఆ లుబోర్ తాగుతాడా?"

"ఇప్పుడెందుకవన్నీ?"

"తాగుతాడా అని."

"బీరు తాగుతాడు."

"బీరు తాగడం కూడా ఒక తాగడమేనా! పెళ్ళి చేసుకో."

"అత్తయ్యా, ఇక్కడ వద్దు."

"ఇక్కడే. నేనేమనుకుంటానో అనేగా బస్సులో గొంతు తగ్గించి మాట్లాడుతున్నావు? నేను కూతురి పెళ్ళి చూడలేదు, నాకు కూతురే లేదు. గసగసాలు పెట్టి పెళ్ళి తీపిరొట్టెలు, కోలాచెలు, నేనే కాలుస్తాను. వీధిలో ప్రతి గుమ్మానికీ నేనే పంచుతాను."

"మెల్లగా మాట్లాడండి!"

"ఎవరు వింటారు? ఆ కర్రల జంట ఎప్పుడో వెళ్ళిపోయారు."

"నా మాట వినండి. ముందు ఇక్కణ్ణించి లేవండి. బస్సు వెళ్ళిపోతుంది."

"పద. చెయ్యి అందుకో."

"మీరు నడుస్తూ ఉండండి. నేను దీపం సర్ది వస్తాను."

"సర్దేదేముంది, వెలుగుతోందిగా."

"వస్తానన్నానుగా!"

"అరుస్తావేం?"

రోడ్డు మీద, బస్సు ఆగే చోట.

"ఇవోనా! పరిగెత్తు! బస్సు వచ్చేసింది. డ్రైవరుగారూ, ఒక్క నిమిషం బాబూ, మా కోడలు అదిగో వస్తోంది."

"ఇదే ఆఖరి బస్సు, పెద్దమ్మా. త్వరగా రమ్మనండి."

"ఇంతసేపు ఏం చేశావే? మోకాళ్ళ నిండా బురద! ఎక్కు, లోపల వెచ్చగా ఉంది."

"మీరు ఎక్కండి ముందు."

"ఎక్కానుగా. ఊఁ, రా."

"మీరు దిగేచోటికి లుబోర్ వస్తాడు. ఇప్పుడే ఫోన్ చేశాను. ఇంటిదాకా దింపి వెళ్తాడు. మంచివాడు, మీకు నచ్చుతాడు."

"మరి నువ్వు?"

"నేను రావట్లేదు."

"రాకపోవడమేమిటి? చీకటి పడుతుంటే ఆ అడవిలో నీకేం పని? వాడు లేడే తల్లీ! ఇద్దరం చెవులు పెట్టి విన్నాం కదా!"

"అమ్మా, ఎక్కుతున్నారా లేదా? తలుపు వేస్తున్నాను."

"వేసేయండి డ్రైవరుగారూ. అత్తయ్యా, మీరు ఇంక ఎప్పుడూ ఇక్కడికి రాకండి."

"వేయకు బాబూ, ఆగు! ఇవోనా, ఏం విన్నావు? తట్టడం లేదని ఒట్టేశావుగా!"

"తట్టడం మానేశాడు, ఒట్టే. ఇప్పుడు మాట్లాడుతున్నాడు. 'అమ్మ వెళ్ళిపోయిందా?' అని అడిగాడు."