డొఖ్ అన్నాక

నవ్వకు బావా. ఈ టీ నా వల్ల కాదు, నువ్వే తాగు.

అసలు నువ్వెందుకలా నసిగావు? పొద్దున ఆ జర్మన్ ఇంజనీరు క్రేన్ బ్రేకులో ఏ లోపమూ లేదన్నాడు. నేను నీకు తెలుగులో చెప్పాను. నువ్వేమన్నావు? "ఏమోనండీ, నిన్న బరువు కాస్త జారినట్టనిపించింది" అన్నావు. ఏమోనట, అనిపించిందట. రోజూ ఆ క్రేన్ కింద తిరిగే మనిషివి నువ్వు, ఆయన కాదు.

మీ ఇద్దరి మాటలూ అటూ ఇటూ చేర్చడమే కదా నా ఉద్యోగం. నీ నసుగుడంతా మోసుకెళ్లి ఆయనకేం చెప్పను? అందుకని ఒక్క మాట అన్నాను. డొఖ్.

ఏంటంటే... వాళ్లకి అవునుకో మాట, కాదుకో మాట ఉన్నాయా, ఇది మూడోది. ఎదుటివాడు లేదన్నాడనుకో, "ఎందుకు లేదు, ఉంది" అని మొహమ్మీదే అనడం. ఇంత చిన్న మాట, నీ 'ఏమో'కి అందులో చోటే లేదు. అదే వాక్యం మధ్యలో మెత్తగా వేస్తే మన 'కదా' లాగా ఉంటుంది. నేను నిలబడి ఉంటే ఆయన అలాగే అంటాడు, కూర్చోవచ్చు కదమ్మా అన్నట్టు. మంచాయనే పాపం. నేను మాత్రం ఆ ఒక్క ముక్కే, అందరి ముందూ, కొట్టినట్టు అనేశాను.

ఆయన మొహం చూశావుగా. పని ఆపించేశాడు. నువ్వంత గట్టిగా చెబుతున్నావు కాబట్టి భోజనాలయ్యాక అదే బరువు ఎత్తిస్తాట్ట. నువ్వు పక్కన నిలబడి ఎక్కడ జారుతుందో చూపించాలట.

అందుకే అడుగుతున్నా, నిజంగా జారిందా? కప్పులోకి చూడకు, నా వైపు చూడు. జారిందా, అనిపించిందా?

...అంతేలే. నీకూ తెలీదు.

జారకపోతే నా ఉద్యోగం ఉండదు. సొంతంగా కల్పించిందంటారు. కాదని ఎలా అనను? నీకు లేని ధైర్యం తెచ్చి నీ నోట్లో పెట్టాను.

ఇందాకట్నుంచీ కనిపించని దేవుళ్లందరికీ దండాలు పెట్టుకుంటున్నాను బావా, అది జారాలని. దాని పక్కన నిలబడేది నువ్వన్న సంగతి, అక్క కట్టిన అన్నం డబ్బా నువ్వు మూత తీశాక గానీ నాకు తట్టలేదు.