వకీలు కారులో చలి

తిరువళ్లూరులో లోకనాథం చెయ్యి మంచిది కాదన్నవాళ్ళు లేరు, అతని నోటిని నమ్మినవాళ్ళూ లేరు. స్టేషను దారిలో రేకుల షెడ్డు వేసుకొని ఇరవై ఏళ్ళుగా లారీలు, ట్రాక్టర్లు బాగుచేస్తా వచ్చినాడు. ఇంజను మీద చెయ్యి పెట్టి రోగం ఏందో చెప్పేవాడు. అంతవరకు సరే. బాగుచేసిన బండి షెడ్డు దాటి పోతానే దాన్ని ఎట్లా బాగుచేసినాడో చెప్పడం మొదలుపెట్టేవాడు, సాయంత్రం టీ వేళకు ఆ కథలో ఇంజను రెండింతలు పెరిగి ఉండేది.

1981 మే నెలలో, కత్తిరి అనే నడివేసవి ఎండలు మాడుస్తున్నప్పుడు, పాత్రల అంగడి ఆదికేశవులు ఇంటి నుంచి అతనికి పిలుపు వచ్చింది. ఆదికేశవులు మద్రాసులో ఎవరో ఎస్టేటు యజమాని వాడి వదిలేసిన పాత అమెరికా కారు కొనుక్కొచ్చినాడు. పడవంత కారు, ఎడమ పక్క స్టీరింగు. దాన్ని కొనింది ఏసీ కోసం. వాళ్ళమ్మ కమలాంబకు డెబ్భై ఆరేళ్ళు. తిరుత్తణి కొండకు పోయి సుబ్రహ్మణ్యస్వామి మొక్కు తీర్చాలని ఆమె పట్టు. ఈ ఎండలో ఆమెను అంత దూరం తీసుకుపోతే నా పూచీ లేదని డాక్టరు మాట. చల్లటి కారులో అయితే పోవచ్చు అని కూడా ఆ డాక్టరే అన్నాడు. తీరా కారు ఇంటికి వచ్చినాక ఏసీ వేస్తే ముందు గరగరమని శబ్దం, వెనకనే వేడిగాలి. కంప్రెసర్ పోయింది. మద్రాసుకు పంపితే నెల పడుతుందన్నారు. ఆమె పోవాలనుకున్న కృత్తిక నక్షత్రం నాటికి ఇంకా తొమ్మిది రోజులే ఉంది.

లోకనాథం బానెట్ ఎత్తి చూసినాడు. ఇంజను పక్కన, నూనె మడ్డి కింద, ఆ కంప్రెసర్ కనబడగానే అతనికి ప్రాణం లేచి వచ్చింది. ఇట్లాంటి పని జన్మలో ఒకేసారి, ఏడేళ్ళ కింద అతని చేతికి వచ్చింది. ఆ తర్వాత అన్నీ లారీ బ్రేకులే. ఈ పని తనకు దక్కాలని అతనికి ఎక్కడలేని ఆశ పుట్టింది.

"ముందెప్పుడైనా ఇట్లాంటిది విప్పినావా లోకనాథం?" అని ఆదికేశవులు అడిగినాడు.

విప్పినాను అని ఒక్క మాట అని ఊరుకోని ఉంటే సరిపోయేది. కానీ ఆదికేశవులు ముఖంలో అనుమానం కనిపించింది. పక్కనే తిన్నె మీద అతని బావ చెంగల్వరాయుడు, పాండూరు రైతు, కాళ్ళు చాపుకొని నవ్వడానికి సిద్ధంగా కూర్చున్నాడు. గడప లోపల పీట మీద కమలాంబ విసనకర్ర ఆపి వింటా ఉంది. లోకనాథం చేతులు తుడుచుకొని తిన్నె ఎక్కినాడు.

"విప్పినావా అని అడగతావేందన్నా, డెబ్భై నాలుగులో తిరుత్తణి వకీలయ్య అమెరికా కారు నా షెడ్డులోనే కదా నిలబడింది. మద్రాసులో ముగ్గురు చూసి చేతులెత్తేసిన బండి. నేను ముందు గ్యాసు వదిలేసి, బెల్టు తీసి, పైపులు ఊడదీసి, నాలుగు బోల్టులు విప్పి ఒక్కడినే ఎత్తి బల్ల మీద పెట్టినాను, ఇరవై కేజీలుంటుంది అది, తల తీసి చూస్తే లోపల వాల్వు పట్టీ విరిగిపోయి ఉంది, గోరంత పట్టీ, అది ఈ దేశంలో దొరకదు. ఏం చేసినానో తెలుసా? మా ఇంట్లో గోడ గడియారం విప్పి, దాని స్ప్రింగును కత్తిరించి, రాయి మీద మూడు రోజులు అరగదీసి, ఆ పట్టీ చేసినాను. దట్టమైన అట్ట కత్తిరించి, గ్యాసు కారకుండా మూత కింద పెట్టే గ్యాస్కెట్టు చేసినాను. ఇంద్రాణి ఇప్పటికీ అడగతానే ఉంది, గడియారం యాడ పోయిందని."

ఇంద్రాణి అతని భార్య. ఇంతవరకు ప్రతి అక్షరం నిజం. ఈడ ఆపితే పని అతనిదే. ఆదికేశవులు తల ఊపుతా మెచ్చుకోలుగా చూస్తున్నాడు కూడా. అయితే ఆ చూపే లోకనాథం కొంప ముంచింది. అట్లా ఒకరు మెచ్చుకుంటా చూస్తే అతను ఆగలేడు.

మళ్ళీ బిగించేటప్పుడు ఆ నలభై కేజీల కంప్రెసర్‌ను ఒక చేత్తో పట్టుకొని రెండో చేత్తో బోల్టులు వేసినానన్నాడు. ఇందాక ఇరవై అన్నావే అని చెంగల్వరాయుడు గుర్తుచేస్తే, నూనె పోసినాక బరువు పెరగదా అన్నాడు. గ్యాసు నింపి ఇంజను వేయగానే వకీలయ్య కళ్ళద్దాలు తెల్లగా మంచు పట్టిపోయినాయని, ఆయన దోవ కనబడక కారులో నుంచి దిగడానికి డిక్కీ వైపు పాకినాడని చెప్పినాడు. కారు తిరుత్తణి దారి పట్టింది. కిటికీ అద్దం వేలెడంత దించితే, ఆ సందులో నుంచి బయటికి పోయిన చలికి పాండూరు చేలల్లో వరి మీద మంచు కురిసిందని, ఒంటికాలి మీద నిలబడిన కొంగలు రెండో కాలు దించలేక సాయంత్రం దాకా అట్లానే ఉండిపోయినాయని చెప్పినాడు.

"మా చేలో కూడానా?" అన్నాడు చెంగల్వరాయుడు.

"నీ చేలోనే ఎక్కువ రాయుడన్నా. నువ్వు ఆ రోజు ఊళ్ళో లేవు."

కమలాంబ నోటికి పైట అడ్డం పెట్టుకుంది. ఆమె నవ్వడం చూసి లోకనాథానికి ఇంకా హుషారు వచ్చింది. సరిగ్గా అప్పుడే వీధిలో బస్సు దిగిన మనిషి ఒకడు చేతిసంచితో మెట్లెక్కి వచ్చి, తిరుత్తణి నుంచి వస్తున్నానని, డ్రైవరు కావాలని కబురు పంపినారు కదా అని ఆదికేశవులుకు దణ్ణం పెట్టినాడు. ఎడమ పక్క స్టీరింగు నడిపిన అనుభవం ఉన్నవాడు కావాలని ఆదికేశవులు వాకబు చేయించినాడు. ఆ చుట్టుపక్కల అట్లాంటివాడు ఒక్కడే.

లోకనాథం తలెత్తి చూసినాడు. మునియప్ప. ఆ రోజు వకీలయ్య కారు తోలిన డ్రైవరు మునియప్పే.

అతను కథ ఆడనే ఆపేసినాడు. మునియప్ప మాత్రం బాగున్నావా అన్నా అని మామూలుగా పలకరించి, లోపలి నుంచి వచ్చిన మజ్జిగ చెంబు అందుకొని తిన్నె చివర కూర్చున్నాడు. చెంగల్వరాయుడు మనిషిని వదిలే రకం కాదు. పాండూరులో కొంగలు ఇరుక్కున్నాయి, ఆ తర్వాత ఏమైందో చెప్పు అని పట్టుకున్నాడు. లోకనాథం ఓరగా మునియప్పను చూసినాడు. మునియప్ప మజ్జిగ తాగుతా, చెప్పన్నా అన్నట్టు తల ఊపినాడు.

ఆ ఊపడంతో లోకనాథానికి ధైర్యం వచ్చింది. మనవాడే, నా మర్యాద కాపాడతాడు అనుకున్నాడు. తిరువాలంగాడు రైలు గేటు దగ్గర కారు ఆగిందని, గేటు కీపరు కంబళి కప్పుకొని బయటికి వచ్చినాడని, అరక్కోణం నుంచి వస్తున్న పాసింజరు బండి ఇంజనులో ఆవిరి గడ్డకట్టి పట్టాల మీదే నిలబడిపోతే, జనం దిగి స్టేషను దాకా తోసుకుపోయినారని చెప్పినాడు. మునియప్ప మళ్ళీ తల ఊపినాడు. ఇంకేం.

"తిరుత్తణి చేరినాక ఏమైందో అది చెప్పాలి మీకు. కారు కొండ కింద నిలబడింది. గుండు గీయించుకునేవాళ్ళు వరసగా కూర్చోని ఉన్నారు. నీళ్ళు చల్లినారో లేదో, ఆ నీళ్ళు తల మీదే గడ్డకట్టి వెంట్రుకలు ముళ్ళ మాదిరి నిలబడినాయి. కత్తి ఎందుకు, చేత్తో ఒక్కసారి తడితే మొత్తం రాలిపోయినాయి. ఒక్క గంటలో మూడు వందల గుండ్లు. పాలకావడి తెచ్చినవాళ్ళు స్వామికి పాలు పోయలేక ఇటుకల మాదిరి పేర్చినారు. మూడో రోజు మద్రాసు నుంచి వాతావరణం ఆఫీసువాళ్ళు జీపు వేసుకొని వచ్చి, అయ్యా, కత్తిరి ఇంకా పన్నెండు రోజులుందని మేము పేపర్లో వేసేసినాము, దయచేసి ఆ కారు ఆపండి అని వకీలయ్య కాళ్ళు పట్టుకున్నారు."

చెంగల్వరాయుడు నవ్వలేక పొట్ట పట్టుకున్నాడు. ఆదికేశవులు నవ్వలేదు. అతని ముఖంలో మొదటి అనుమానం తిరిగి వచ్చింది, ఈసారి ఇంకా పెద్దదిగా. అమ్మను కూర్చోబెట్టి తీసుకుపోవాల్సిన కారు ఇది. కథకు నవ్వుకొని పని ఇచ్చేస్తే నడిదారిలో ఏమవుతుందో అని అతని భయం. అతను మునియప్ప వైపు తిరిగి, నువ్వు వకీలయ్య దగ్గర చాలా ఏళ్ళు చేసినావంట కదా, ఆ కారు సంగతి నీకు తెలిసే ఉండాలే అన్నాడు.

మునియప్ప చెంబు కింద పెట్టి, తువ్వాలుతో మూతి తుడుచుకున్నాడు.

"ఆ కారు నేనే తోలినాను అయ్యా. లోకనాథమన్న చెప్పిన చలి నిజమే. నాకు చేతులు కొంకర్లు పోయినాయి. అంత బాగా ఏ మద్రాసు మెకానిక్కూ చేయలేదు. అయితే చలి పాండూరు దాకానే వచ్చింది. ఊరు దాటగానే బానెట్లో బుస్సుమనింది. పైపు నట్టు వదిలి గ్యాసంతా పోయింది. ఆడనుంచి తిరుత్తణి దాకా వకీలయ్య చొక్కా విప్పేసి, కేసు కాగితాలతో విసురుకుంటా వచ్చినాడు. గుండ్ల సంగతి నాకు తెలీదు. మేము కొండ దగ్గరికి పోనేలేదు."

చెంగల్వరాయుడు నవ్వు మింగేసినాడు. లోకనాథం తన చేతులకేసి చూసుకుంటా కూర్చున్నాడు. వకీలయ్య మళ్ళీ ఎందుకు రాలేదో అతనికి ఏడేళ్ళుగా తెలియదు. స్ప్రింగు పట్టీ విరిగిందేమో, గ్యాస్కెట్టు చిరిగిందేమో అని ఎన్నోసార్లు అనుకున్నాడు. అడగడానికి భయమేసి, ఆ భయం మీద మంచు కథలు కప్పుకుంటా వచ్చినాడు. పట్టీ విరగలేదు. గ్యాస్కెట్టు నిలబడింది. ఒక్క నట్టు.

"అమెరికా బండి నట్టు కదా, దానికి ఇంచీ కొలత స్పానరు కావాలన్నా" అన్నాడు చివరికి, గొంతు తగ్గించి. "అప్పుడు నా దగ్గర లేదు. మన మిల్లీమీటరు స్పానరుతోనే పట్టినంత బిగించి పంపించినాను. మరుసటి నెల మద్రాసులో పుదుప్పేట బండి సామాన్ల అంగళ్ళకు పోయి ఇంచీ సెట్టు మొత్తం కొన్నాను. ఏడేళ్ళుగా పెట్టెలోనే ఉంది. దాంతో విప్పే బండి రాలేదు."

ఇది అతిశయం లేని మాట అని అందరికీ అర్థమైంది, ఎందుకంటే చెప్పేటప్పుడు అతను ఎవరి ముఖమూ చూడలేదు. ఆదికేశవులు గడప వైపు చూసినాడు. కమలాంబ పీట మీద నుంచి లేచి, తలుపు పట్టుకొని నిలబడింది.

"పని ఈయనకే ఇవ్వరా కేశవులూ" అని కొడుకుతో అని, లోకనాథం వైపు తిరిగింది. "చూడు నాయనా, పాండూరు దాకా నీ కంప్రెసర్ చల్లగా పెడితే నాకు అంతే చాలు. ఒకవేళ ఆడ ఆగిపోయిందంటే, నువ్వు ముందు సీట్లో కూర్చోని ఆ గుండ్ల కథ మళ్ళీ మొదటి నుంచి చెప్పు. తిరుత్తణి దాకా దుప్పటి కప్పుకొని వస్తాను."