దొన కాడికి దావ

బండల నడుమ వాననీళ్లు నిలిచే దొన ఉన్న ఎర్రబండ కొండ మొదట్లో ఇనుప గేటు, దాని పక్కన టికెట్లిచ్చే రేకుల గది. గదిలో హేమావతి, గేటు బయట బండరాయి మీద ఆమె తండ్రి బాలప్ప. తండ్రీ కూతుళ్లకు మాట్లాడుకోవడానికి ఇల్లే లేనట్టు, ఆ పొద్దున బాలప్ప వచ్చి కూర్చున్నప్పటి నుంచీ ఇద్దరూ అక్కడే వాదులాడుకుంటున్నారు.

"ఒక్క మాటనే ఎన్నిసార్లు చెప్పాల నాయనా? ఈపొద్దు గొర్లను పైకి ఇడిసేది లేదు."

"ఇడవద్దులే. ఎందుకిడవవో చెప్పు, చాలు."

"చెప్తి కదా. పెండ్లికి ముందు ఫోటోలు తీసుకునేవాండ్లు బెంగుళూరు నుంచి వచ్చినారు. దొనను ఈ పూటకు వాండ్లకు రాసిచ్చినారు."

"దొనను రాసిచ్చినారా?"

"అంటే... బాడుగకు. వాండ్లుండంగ గొర్లు ఆ పక్కకు రాకూడదని శ్రీరంగప్ప సారు ఆర్డరు."

"శ్రీరంగప్ప వేలంలో పాడుకునింది గేటును. కొండను కాదు. బండ నడుమ ఆ నీళ్లు ఆ యప్ప తెచ్చి పోసినాడా? ఏటా ఉగాదికి ముందు దొనలో దిగి అడుసు తీసేది మనం. ఎండాకాలమంతా నీళ్లు నిలిచేది అందుకే. ఆ యప్ప ఎన్ని తట్టలు మోసినాడో అడుగు."

"నన్నెందుకు అడగమంటావు? నేను జీతానికుండేదాన్ని. నాతో ఎందుకు కొట్లాడతావు?"

"కొట్లాడతాండానా? మాట్లాడతాండా. తండ్రి కూతురితో మాట్లాడితే కూడా టికెట్ తీసుకోవాల్నా?"

"నాయనా!"

"సరే, సరే. ఫ్లాస్కులో టీ ఉండాదా?"

"నువ్వు టీ ఎప్పుడు తాగుతావు?"

"ఈపొద్దు తాగబుద్ధయితాంది. పోయ్యి."

"ఇందా. తాగి ఇంటికి పో. ఎండ ఎక్కతాంది."

"పోతాలే. ఏం తొందర? ఇటు తిరిగి మాట్లాడు, ఊరికే కొండ పక్క చూస్తావేమి?"

"ఎవరన్నా పైకి పోతారేమోనని."

"గేటు నీ చేతిలో పెట్టుకొని ఎవరు పోతారమ్మా? కంచె ఏసినాక ఇంకో దావ యాడుండాది?"

"అందుకే ధైర్యంగా ఉండా. గొర్లు యాడుండాయి?"

"ఉండాయిలే. ఆ తుమ్మ చెట్ల కింద."

"ఈడికి కనపడల్యా."

"నీడకు పండుకున్యాయి. మొన్నటిసంది నీళ్లు ల్యా. లేచి నిలబడేకి జీవముంటే కదా నీకు కనపడేది."

"ట్యాంకరు నీళ్లు కొంచెం తాపకూడదూ?"

"ట్యాంకరు మనుషులకే చాలడంల్యా. బిందె పక్కకు పెడితే కొట్టుకుంటాండారు ఆడోళ్లు. బోరు ఎండిపాయ. చెరువు నెర్రెలు ఇచ్చె. చేన్లో శనక్కాయ మాడిపాయ. మిగిలింది ఆ మంద ఒకటి. అది కూడా పోయిందనుకో, మనమూ మూట నెత్తిన పెట్టుకొని బెంగుళూరులో ఇటికెలు మోసేకి పోవాల్సిందే."

"అట్లనొద్దు."

"ఉండే మాట అంటాండా. ఇంత ఎండలో కొండ మీద నీళ్లు పెట్టుకొని, కింద గొర్లను సంపుకునే ఊరు యాడన్నా చూసినావా?"

"సాయంత్రం దాకా ఓర్చుకో నాయనా. సాయంత్రం నేనే ఏదో ఒకటి చేస్తా."

"నేను ఓర్చుకుంటా. వాటికెట్లా చెప్పేది?"

"నాకు మాత్రం బాధ లేదనుకున్యావా? అవి పుట్టినప్పటిసంది సాకింది నేను కాదా?"

"అయితే గేటు తీయి."

"తీయను."

"ఇదే కదా వచ్చిన చిక్కు. ఈ గేటు పెట్టాలని ఊరి మీటింగులో ముందు చెయ్యెత్తింది నేనే, తెలుసునా?"

"తెలుసు. నువ్వే కదా మరి! బీరుసీసా పెంకులు గుచ్చుకొని గొర్లు కుంటతాండాయంటివి. ఎవడో బీడీ పారేస్తే బోదగడ్డి అంతా కాలిపాయనంటివి. దుడ్లు పెడితే భయముంటాదని నువ్వే అంటివి."

"అంటి. భయం యాడుండాది ఇప్పుడు? ఊరికే వచ్చేటప్పుడు, 'పెద్దాయనా, పైకి పోవచ్చునా? దొనలో దిగొచ్చునా?' అని అడిగేవాండ్లు. దిగొద్దంటే దిగేవాండ్లు కాదు. నా సద్దిమూటలో ఇంత సంగటి పెడితే తిని, దండం పెట్టి పోయినోండ్లు కూడా ఉండారు. ఇప్పుడు ఏమన్నా అంటే 'టికెట్ కొన్నాం' అని కాగితం మొగాన పెడతారు. దుడ్లిచ్చినోడు అడగడమ్మా. దుడ్లిచ్చినోనికి మనమే అడ్డం."

"అందరూ అట్లుండరు. ఈ యేడు గడ్డి కాలిందా, చెప్పు? సీసాలు ఈడనే పెరక్కుంటాండా కదా? దుడ్లు వసూలైతాండాయి కాబట్టే కసువు ఊడ్సేకి మనిషిని పెట్టినారు. మన ఇంట్లో పొయ్యి ఎలుగుతాండేది కూడా ఆ టికెట్లతోనే."

"అది కాదన్ల్యా."

"ఏమీ పెట్టకుండా అందరినీ ఇడిస్తే కొండ మళ్లీ చెత్తకుప్ప అయితాది. కొండ బాగుండాలంటే చూసేవాండ్లు ఇయ్యాల. అంతే."

"సీసాలు పెరక్కున్యావు, మంచిదే. మా పారలూ పెరక్కుంటివి కదా. ఇనుప సామాన్లు పైకి పోకూడదని బోర్డు పెట్టినారు. ఈ యేడు అడుసు తీయనీల్యా. దొన చూసినావా? పచ్చగా పాచి కట్టింది."

"రూలు నాయనా అది. రూలు నేను రాయల్యా."

"రాసినోడు ఈడ ల్యాడు కాబట్టి నిన్నంటాండా. సరే ఇడువు. ఆ ఫోటోలోండ్ల కార్లు ఇందాకే దిగిపాయ కదా? నేను వస్తాంటే దావలో దుమ్మంతా నా మొగాన కొట్టి పోయినారు. ఇంకేమి అడ్డం?"

"ఇంకా... ఇంకా ఇద్దరుండారు పైన. సామాన్లు సర్దుతాండారు."

"కార్లు పోయినాక వాండ్లు ఎట్లా పోతారు?"

"బైకుండాది."

"బైకు పైకి పోయింది నేను చూడల్యా."

"నువ్వు రాకముందే పోయింది. నీకెందుకు అవన్నీ? గమ్మునుండు."

"గమ్మునే ఉండా."

అప్పుడే గేటు ముందు ఒక మోటారుబండి వచ్చి ఆగింది. గోరంట్ల పంతులొకాయన భార్యాబిడ్డలను ఎక్కించుకొని వచ్చాడు. బోర్డు చదివేసరికి ఆయనకు మండింది.

"ఏమ్మా, కొండకు టికెట్టేమి? దేవుడు పెట్టిన కొండకు గేటు పెట్టి వసూలు చేసేది యాడన్నా ఉండాదా?"

"సార్, ఈపొద్దు పైకి లేదు. రేపు రాండి."

"నేను చిన్నప్పటిసంది వస్తాండా ఈడికి. సద్ది కట్టుకొని నడిచి వచ్చేవాండ్లం. ఒక్కరూ ఒక్క పైసా అడగల్యా. మేం కట్టే పన్నులు యాడికి పోతాండాయి? కారుండేవానికి కొండ, లేనివానికి కొండ బొమ్మనా?"

"సార్, నేను దుడ్లు అడగనే ల్యా. లేదంటాండా."

"కోపమొచ్చిందా? సరేలేమ్మా, నీ మీద కాదు నా అరుపు. ఇందా, తీసుకో. పిల్లోండ్లు పొద్దున్నించి దొన, దొన అని తినేస్తాండారు."

"వద్దు సార్."

"ఎందుకు, ఇంకా ఎక్కువియ్యాల్నా?"

"వద్దంటాండా కదన్నా! పిల్లోండ్లను తీసుకొని పోండి. దొన కాడికి అసలే వద్దు."

"బాగుండాది. బెంగుళూరు కార్లకైతే గేటు దానంతటదే తెరుచుకుంటాది. గోరంట్ల బండికి దుడ్లిచ్చినా తెరుచుకోదు. ఏమప్పా పెద్దాయనా, మీ ఊరి మర్యాద ఇదేనా?"

"నన్నేం అడుగుతావప్పా? నేనూ గేటు బయటనే ఉండా."

"పదండి, పదండి. పుట్టపర్తికన్నా పోదాం. ఆడన్నా కూచ్చోనిస్తారు."

బండి తిరిగి వెళ్లిపోయింది. బాలప్ప టీ గ్లాసు కింద పెట్టాడు.

"హేమా."

"ఊ."

"టికెట్లు తెగలేదని శ్రీరంగప్ప నిన్ను తిట్టని రోజు లేదు. చేతికొచ్చిన దుడ్లు ఎనక్కి పంపినావే."

"ఫోటోలోండ్లు ఉండారు కదా పైన."

"గొర్లు పోతే ఫోటోలో పడతాయి, సరే. పంతులు గొర్రె కాదు కదమ్మా?"

"నాయనా, నీకు దండం పెడతా. సాయంత్రం దాకా ఏమీ అడగొద్దు."

"పైన ఎవరూ ల్యారు. అవునా? దొనలో ఎవరన్నా పడినారా?"

"ఎవరూ పడల్యా."

"మరి దొన కాడికి అసలే వద్దంటివే? పిల్లోండ్ల పేరు ఎత్తంగానే ఎందుకంత అరిస్తివి?"

"నీకు చెప్తే ఊర్లో చెప్తావు. ఊరంతా కట్టెలు తీసుకొని వస్తారు. మూటలు ఎవరు పోనిచ్చిరంటే శ్రీరంగప్ప సారు నన్నే చూపిస్తాడు."

"ఏం మూటలు హేమా?"

"మొబ్బున వచ్చినారు ఫోటోలోండ్లు. కార్లో మూటలుండె. ఏమప్పా ఇవి అని అడిగినా. ఫోటోల సామాను మేడం అన్యారు. ఇప్పి చూడల్యా. గొడ్డళ్లు, సీసాలు ఏమన్నా ఉండాయా అని తడిమి చూసి ఇడిస్తి."

"చెప్పు."

"దొనంతా పాచి కట్టి ఉండాది కదా. ఫోటోలో బాగ కనపడలేదంట. ముందే వచ్చి చూసి పోయినారంట. నీళ్లు సముద్రం మాదిరి నీలంగా ఉండాలని..."

"ఏం పోసినారు?"

"మైలుతుత్తం."

"ఏమీ?"

"మైలుతుత్తం నాయనా. దానిమ్మ తోటలకు మందులో కలిపి కొడతారే, అదే. మూటలు మూటలు కుమ్మరించినారు. దిగిపోయేటప్పుడు ఆ ఫోటో పిలగాడు నగుతా ఫోన్లో చూపించినాడు. చూడండి మేడం, మీ దొన ఎట్లుండాదో, ఫారిన్ మాదిరి లేదా అని. పూటకు బాడుగ కట్టినాం కదా, ఏం కాదులే అన్యాడు. దానిమ్మ తోటలో డ్రమ్ము కడిగిన నీళ్లు తాగి కొండప్ప గొర్లు ఎట్లా పడిపాయనో నాకు తెలీదా? నురగ కక్కుకొని, పొద్దు మునిగేలోగా ఒక్కటి మిగల్లేదు. సారుకు ఫోను చేస్తి. సాయంత్రం ఇంజను పెట్టి నీళ్లన్నీ తోడించేస్తా, అంతవరకు ఎవరినీ ఇడవద్దు, ఎవరికీ చెప్పొద్దు, చెప్పితే నీకు పనుండదు అన్యాడు. పని పోతే పోనీ అనుకున్యా గానీ, నువ్వొచ్చి కూచ్చుంటివి. నీ మొగం చూసి చెప్పేకి నోరు రాల్యా. ఆ దొనలో నువ్వెంత అడుసు మోసినావో నాకు తెలుసు. తిట్టు నాయనా. ఏమన్నా అను. నీ గొర్లు బతకాలనే కదా గేటు తీయకుండా నీతో మాటలు పడింది. కూచ్చునే ఉండావేమి? పలుకు."

"గేటు తీయి."

"చెప్పినాక కూడా గేటంటావేమి? తాగితే ఒక్కటి బతకదు. చెట్ల కిందనే ఉండనీ వాటిని. పంచాయతీ ఆఫీసులో ఏడ్చయినా ఒక ట్యాంకరు—"

"గేటు తీయి హేమా! చెట్ల కింద గొర్లు ల్యావు!"

"ల్యావా? మరి యాడుండాయి?"

"వంక పక్క కంచె నిన్న నేనే కోసినా."

"ఎందుకు? నాకు ఒక్క మాట చెప్పకూడదా?"

"చెప్తే నువ్వు వద్దంటావు. వద్దనకపోతే నీ పని పోతాది. నువ్వు ఈడనే ఉండావు, నాతోనే మాట్లాడతాండావు, నీకేం తెలీదు అంటే నీ మీద మాట రాదని... నిన్ను మాటల్లో పెట్టేకి ఈడ కూచ్చున్యా."

"గొర్లు ఎవరి ఎంబడి ఉండాయి నాయనా?"

"కార్లు కిందికి దిగి, పైన ఎవరూ ల్యారని బాగ చూసుకున్యాకనే దొన కాడికి దింపమని మీయమ్మకు చెప్పినా. అంతవరకు బండ సాటున ఉండమని..."

"అమ్మనా? అమ్మకు ఫోను చెయ్యి! బిన్నా, తొందరగా!"

"మా ఇద్దరికీ ఉండే ఒక్క ఫోనూ నా జేబులో ఉండాది."

"నువ్వు ఆ మోకాళ్ల నొప్పితో ఎక్కలేవు, నేను పోతా, తప్పుకో... ఉండు. పైన ఎవరో అరుస్తాండారు."

"మీయమ్మ. మందను నీళ్లకు పిలుస్తాంది."