నిమ్మతోటలో అలసంద

తెనాలి పొలిమేరలోని తన నిమ్మతోటలో నాగమల్లేశ్వరి ట్రాక్టరుకు అడ్డంగా నిలబడింది. ఈసారి ఎవరొచ్చినా కదిలేది లేదనుకుంది. చెట్ల నడుమ దున్నించేస్తానని వచ్చినవాడు పక్కతోట బావగారు శివనాగరాజు. ఆయన వెనకాలే భార్య పేరంటాలు.

"పక్కకి జరుగు మల్లేశ్వరీ. డ్రైవరు ఎంతసేపని ఆగుతాడు?"

"ఎంతసేపైనా ఆగమనండి బావగారూ. నేను కదలను."

"తోటంటే ఎట్టా ఉండాలి? రాలిన కాయ గట్టు మీంచే కనపడాలి. నువ్వేమో మోకాలెత్తున గడ్డి పెంచావు. దారినపోయే ప్రతోడూ మీ తమ్ముడి తోట బీడు పెట్టారా అని నన్నడుగుతున్నాడు."

"గడ్డి కాదండి, అలసంద. నేనే చల్లాను."

"చల్లితే చల్లావు, చూడు దాన్ని! పేనుబంక పట్టి మసి పూసినట్టుంది. రేపది నిమ్మచెట్లెక్కదా?"

"ఆ బంక కోసమే అక్షింతల పురుగులు చేరాయండి. ఇదుగో, ఎర్రగా, వీపు మీద చుక్కలు. ఇక్కడ తిని, గుడ్లు పెట్టి, నిమ్మచెట్లెక్కి అక్కడి బంకా తింటాయి."

"పురుగుల్ని పురుగులు తింటాయా! ఎవరు చెప్పారు, బాపట్ల వ్యవసాయ కాలేజీ సార్లా?"

"సార్లే చెప్పారు. తర్వాత నా కళ్ళతో నేను చూశాను. ఇప్పుడు దున్నితే అవి ఎక్కడికి పోతాయండి? కాపయ్యాక సాలు విడిచి సాలు నేనే కోయిస్తా."

"అందాకా నా తోట ఏమైపోవాలి? గట్టు దాటితే నాదేగా!"

"మీ తోటకేమైందండి? ఈ ఏడు ఒక్క ఆకైనా ముడుచుకుందా?"

"ఎందుకు ముడుచుకుద్ది? నేను మందు కొట్టా! పోయినేడు ఆ ఘాటుకి కళ్ళు తిరిగి గట్టు మీద పడ్డా, అయినా మానలా. ఈ ఏడూ కొట్టా, తల దిమ్మెక్కిపోయింది. నీలాగా పురుగుల్ని నమ్ముకుని కూర్చోలా."

"మీరట్టా పడిపోతే అక్క ఎంత ఏడ్చిందో మీకేం తెలుసు?"

"అక్కనే అడుగు! ట్యాంకులో మందు కలిపిచ్చేది ఆవిడేగా. చెప్పవే పేరంటాలూ, మన తోట ఎందుకు బాగుందో."

"నన్నెందుకు లాగుతావయ్యా మధ్యలో."

"చెప్పమంటుంటే!"

"చెబితే ట్రాక్టరు వెనక్కి పంపుతావా?"

"ముందు చెప్పు."

"ముందు పంపు."

"ఏంటే నీ బేరం? ఉన్నమాట చెప్పడానికి భయమేంటి?"

"భయమా, నాకా? అయితే విను. నువ్వు గట్టు మీద పడ్డ రోజే ఒట్టేసుకున్నా, ఆ విషం నీ వీపుకెక్కనివ్వనని. మందు డబ్బా మూతైనా తియ్యలా. ఈ ఏడంతా నువ్వు కొట్టింది పులిసిన మజ్జిగ."