అమ్మవారి ముంత

పండుగ మధ్యాహ్నం. సాయంత్రం ఊరేగింపులో అమ్మవారు పూనేది కూర్మమ్మ మీద. పూనగానే ముంతడు కల్లు తాగించడం ఊరి ఆనవాయితీ. కోడలు తులసి ఆమె కాళ్ళకు పసుపు రాస్తోంది.

“తాగేది నాను కాదే. అమ్మోరు.”

“మరి నరాల నొప్పి బిళ్ళ మింగింది ఎవులత్తా? అమ్మోరేనా?”

“నీ సేతులకి పని సెప్పాను. నోటికి సెప్పనేదు.”

“సెప్పకపోయినా అంటాను. ఆ బిళ్ళ మీద కల్లు పడితే మత్తు మీద మత్తెక్కి ఊపిరి ఆగిపోతాదని డాక్టరమ్మ నీ ఎదరే సెప్పింది కదేటి.”

“ఆవిడికేటి తెలుసు? తాటికల్లు ఒంటికి సలవ.”

“సలవే. మొన్న వియ్యాలోరింటికాడ ఒక్క గలాసు తాగేవు. పిలిస్తే పలక్క, పెదాలు నల్లబడి పడున్నావు. నీ ముక్కుకాడ సెయ్యెట్టి కూకున్నది నాను.”

“లేసేను కదా.”

“అది గలాసు. ఇయాల ముంతడు.”

“అయితే ఇయాల బిళ్ళ మానెస్తాను. సరేనా?”

“పొద్దున్నేసింది ఒంట్లోనే ఉన్నాది. సటుక్కున మానితే ఫిట్సొస్తాయని కూడా సెప్పింది ఆవిడ. మానితే మాత్రం ఆ నొప్పి ఓర్సగలవా? అక్కి పొక్కులు మానిపోయినా, జాకెట్టు తగిల్తేనే పక్కలో నిప్పెట్టినట్టున్నాదంటావు.”

“ఓర్సలేను.”

“మరైతే ముంతొద్దని సెప్పెద్దాం. పోతురాజు మావతో నాను మాటాడతాను.”

“కులపెద్దతోనా? ముంతొద్దంటే, అమ్మోరు కూర్మమ్మనొదిలేసింది, ఇంక నా సోట్లో ఆ కుర్రది చిన్నతల్లిని నిలబెట్టండంటాడు. మా అమ్మ తరవాత నా మీదకొచ్చింది అమ్మోరు. ఏడాది పొడుగునా నన్ను ఒసే అనే మగోళ్ళు, ఆ ఒక్కపూట నా కాళ్ళకి నీళ్ళోస్తారు. ఆ సోటొదిలి బతకమంటావా?”

“బతకమనే అంటన్నాను.”

“ఒదల్ను.”

“ముంతా ఒదలవు, బిళ్ళా ఒదలవు. ఊపిరొదిలెత్తావా?”

“ముంత మాట నానన్నానా? సోటొదల్నన్నాను.”

“తాగకపోతే సోటెలాగుంటాది?”

“పూనకంలో నా నోటెంట వచ్చిన మాటకి పోతురాజు ఎదురు సెప్పగల్డా?”

“ఎలా సెప్తాడు? నిరుడు నల్లకోడి కాదు, తెల్లకోడంటే పరిగెట్టి తెచ్చేడు.”

“ఈయేడు కల్లొద్దు, కొబ్బరినీళ్ళు తెమ్మంటాది.”

“అత్తా... అది అమ్మోరి మాటా? నీ మాటా?”

“ఇన్నేళ్ళూ తాగిందెవులని ఎవులైనా అడిగేరా? ఒద్దన్నదెవులని నువ్వెందుకడుగుతావు? ఆ రెండో కాలికి రాయి.”