ఈల వేయకుండా వచ్చిన చేపలు

ఆ గుంట పూడ్చేద్దామంటావా? పూడ్చు, నాదేం పోయింది. కానీ అది ఉత్త గుంట కాదురా, మా అక్క మొగుడు చేపలు పెంచిన గుంట. నువ్వు అప్పటికి పుట్టనే లేదు. బావకి సెలూన్ ఉండేది. కత్తెర ఆడుతున్నంతసేపూ ఈలే. గడ్డం కింద కత్తి పెట్టి మరీ ఈల, కూర్చున్నవాడి ప్రాణం అరచేతిలో. అందుకే ఈల బావ అనేవాళ్ళం. పొద్దున్నే గట్టు మీద కూర్చుని ఈలేస్తే చేపలన్నీ నోళ్ళు తెరుచుకుని పైకొచ్చేవి. గుప్పెడు తవుడు చల్లేవాడు. "మీ అక్క ఏనాడైనా పిలవగానే వచ్చిందా? వీటిని చూసి నేర్చుకోమను" అనేవాడు. అక్క లోపల్నుంచే, "నాకూ తవుడే పెడతారని రాలేదు" అనేది. మాటకి మాట, ఎప్పుడూ అంతే వాళ్ళిద్దరూ.

ఏం చెప్తున్నా... ఆఁ, ముసురు. ఎన్నాళ్ళో ఎండ మొహం చూడలేదు. ఒకరోజు పొద్దున్నే బావ కేకేశాడు, "రండి రండి, పిలవకుండానే వచ్చేశాయి" అని. నిజమేరా, నీళ్ళు కనపడనన్ని నోళ్ళు. పాపం ముసురుకి ఆకలేసినట్టుందని బకెట్టు తవుడు కుమ్మరించాడు. ఒక్కటీ ముట్టలేదు. మధ్యాహ్నానికి అన్నీ తెల్లగా, వెల్లకిలా.

పక్కింట్లో బట్టలకి రంగులద్దే ఆయన, రంగులాయన అనేవాళ్ళం, బావకి ప్రాణం. ఒక్క టీ ఇద్దరూ చెరిసగం. ఆయన రంగునీళ్ళు వదిలే చంపాడన్నాడు బావ. "నా నీళ్ళు అటు వీధి కాలవలోకి కదరా పోయేది" అని ఆయన గుమ్మంలో నిలబడి చెప్తుంటే మొహానే తలుపేశాడు బావ.

తర్వాత పశువుల డాక్టరు వచ్చి చూశాడు. బావ సెలూన్లో ఉన్నాడు, అక్కకి చెప్పాడు. "మబ్బుకి నీళ్ళలో గాలి తగ్గిపోయిందమ్మా. ఊపిరాడక పైకొచ్చాయి, ఆకలికి కాదు. ఆ తవుడు పడి ఉన్న కాస్త గాలీ పోయింది." ఇక అక్క, "ఆయనకి చెప్పొద్దురా, చేజేతులా చంపుకున్నానని తెలిస్తే బతకడు" అని నా చేతులు పట్టుకుంది. రంగులాయనకి మాత్రం గోడ మీంచి చెప్పేసింది, పాపం ఉండబట్టలేక. ఆయన "సరేలే చెల్లెమ్మా, నన్నే తిట్టుకోనీ" అన్నాడు. బావ పోయేదాకా ఆ తిట్లు పడ్డాడు.

ఇంతవరకూ బాగానే ఉంది. నాకు అంతుపట్టందల్లా ఒకటే. ఆ రోజు నుంచీ బావ ఈల మానేశాడు. సెలూన్లో కూడా. కత్తెర చప్పుడు తప్ప ఏం ఉండేది కాదు. పక్కవాడే చంపాడనుకున్న మనిషి ఈల ఎందుకు మానేస్తాడు? పోనీ తెలిసిపోయిందనుకుందాం, మరి రంగులాయన్నెందుకు తిట్టడం? అక్కనడుగుదామా అంటే ఆమే లేదు. రంగులాయన ఉన్నప్పుడు అడిగా. "నేనూ అదే అనుకుంటున్నా" అని ఆ గోడవైపు చూస్తూ కూర్చున్నాడు.

మోటారు ఆపావా? ట్యాంకు పొంగిపోతోంది చూడు.