కుండీలో నల్లరేగడి

"అమ్మమ్మా, మేడ మీద రెండు కుండీల్లో ఒకటి రాయిలా గట్టిపడి నెర్రెలు తీసింది, పారేయనా?"

పారేస్తే దాని వెనకే నిన్నూ పారేస్తాను. ఇట్లా వచ్చి కూర్చో. ఆ ఫోను పక్కన పెట్టు. ఆ కుండీ సంగతి మీ అమ్మ నీకు చెప్పి ఉండదులే. నన్ను ఆ క్లాసులకి పంపిందే అది కదా, ఏ మొహంతో చెప్తుంది?

మాకు చేను కౌలుకిచ్చిన ఆసామి పోయాక ఆయన కొడుకులు కౌలు ఇక చాలన్నారు. ఆ బెంగతోనే మీ తాత పోయాడు. నేను మీ ఇంటికొచ్చి పడ్డాను. ఖాళీగా కూర్చుంటే నా నోరు ఊరుకోదు, నీకు తెలుసుగా. మీ అమ్మ విని విని విసిగి, "హైవే పక్కన నర్సరీలో ఆదివారాలు క్లాసులు చెప్తున్నారంటమ్మా, మేడ మీద మొక్కలు పెంచటం నేర్పుతారంట, పోయి రా" అంది. నాకు! మొక్కలు పెంచటం నేర్పుతారంట.

నేనెవరినే అసలు? నేను కల్లంలో మిరపకాయలు ఆరబోస్తే రోడ్డు మీద బస్సులో వాళ్ళు చిలకలూరిపేట దాకా తుమ్ముకుంటూ పోయేవాళ్ళు. ఒకసారి డ్రైవరు బస్సు ఆపి, దిగి, నాకు దణ్ణం పెట్టి మరీ పోయాడు. నవ్వకు, ఆపాడు. ఒక్క పూటలో ఎకరం నారు నాటాను. నా వెనక నీళ్ళు పోయలేక ఆరుగురు ఆడవాళ్ళు ఏడ్చారు. ఆరుగురు కాదులే, నలుగురు. కూలి ఎంతనుకున్నావు? నువ్వు తాగే ఆ నురగ కాఫీ ఒక్కటి కొనాలంటే వారం రోజులు వంగి కాయ కోయాలి.

సరే, క్లాసు సంగతి. ఆటో దిగానా, నా కాళ్ళు అక్కడే ఆగిపోయాయి. రోడ్డు పక్కన తూము, తూము పక్కన ఒరిగిన కరెంటు స్తంభం. మా కౌలు చేనే. ఇరవై ఏళ్ళు చేశాం అందులో. మిరప వేసిన చోట ఆకుపచ్చ వల కట్టి, కింద రంగు రంగుల కుండీలు, ప్లాస్టిక్ గడ్డి. ఆ గడ్డి మీద నన్ను కుర్చీ వేసి కూర్చోబెట్టారు.

పదిహేను మంది ఆడవాళ్ళు వచ్చారు. అందరి చేతులకీ తొడుగులు. మట్టి అంటుకుంటుందంట. పాఠం చెప్పే అమ్మాయి వ్యవసాయం చదివిందంట. మంచిదే, పొల్లు మాట లేదు. నారు రెండు వేళ్ళతో ఇట్లా పట్టుకోవాలి అని ఆ అమ్మాయి చెప్పటం పూర్తయ్యేలోపల నేను ట్రే మొత్తం నాటేసి చేతులు దులుపుకున్నాను. చప్పట్లు కొట్టారు.

"ఎక్కడ నేర్చుకున్నారు మామ్మగారూ?" అంది నల్లకళ్ళద్దాల ఆవిడ.

"ఎక్కడేంటమ్మా, నువ్వు నిలబడ్డ చోటే."

"అయితే ఈ పొలం మీదేనా?"

"కౌలు."

"ఓ, కౌలా" అంది. అని అటు తిరిగి గులాబీలు చూసుకుంది. చెంప దెబ్బయినా మర్చిపోయేదాన్నేమో గానీ ఆ 'ఓ' మాత్రం పోదే నాకు.

ఇంతలో ఆ పాఠాల అమ్మాయి, "కుండీల్లోకి నల్లరేగడి పనికిరాదండీ. తడిస్తే బంక, ఎండితే రాయి. ఎర్రమట్టి, పశువుల ఎరువు, కొబ్బరిపొట్టు కలుపుకోండి" అంది. నా చేలో నిలబడి నా మట్టిని పనికిరాదంటుందా? లేచాను. అరచేత్తో నేల మీద చరిచి చెప్పాను. "ఈ మట్టిలోనే నా మిరప చెట్లు భుజం దాకా పెరిగాయి. కాయ బరువుకి కొమ్మలు విరిగాయి. దీన్నేమీ అనకు" అన్నాను. అందరూ నోరు తెరిచి విన్నారు. దారి వేయటానికి తవ్విన మట్టి వెనకాల కుప్పగా పడి ఉంది. తలా ఒక సంచి నింపుకున్నారు. ఆ అమ్మాయి, "మీ ఇష్టమండీ, తర్వాత నన్ను అడగొద్దు" అంది. నేనూ ఒక సంచి తెచ్చాను. వాళ్ళిచ్చిన కొబ్బరిపొట్టు కుండీ ఒకటి, నా రేగడి కుండీ ఒకటి. ఒకే మిరప నారు, రెండింటికీ.

ఏమైందో నువ్వే చూశావుగా పైన. ఆ పొట్టులోది కాయ కాసింది. నాది రెండు వారాలు బాగానే ఉంది. తర్వాత ఆకు పసుపెక్కింది. మట్టి బిగుసుకుపోయి నెర్రె తీసి, వేరు రెండుగా తెగింది. నీడకి జరిపాను, గుల్ల చేశాను, చెంబుతో కొద్దికొద్దిగా నీళ్ళు పోశాను. లేవలేదు.

క్లాసుకెళితే అందరిదీ అదే పాట. నల్లకళ్ళద్దాల ఆవిడ, "మీ మాట విని నాలుగు మొక్కలు చంపుకున్నాం మామ్మగారూ. అసలు ఈ నేల్లో మిరప పండిందా?" అంది. "పెద్దవాళ్ళు కదండీ, సరదాగా ఏదో చెప్తుంటారు" అని పక్కావిడ సర్దింది. అందరూ నవ్వారు. కోపంగా కాదే, ముద్దుగా. చిన్నపిల్లని చూసి నవ్వినట్టు. తిట్టినా బాగుండేది.

చేలో అయితే పైన నెర్రె తీసినా వేరు కిందికి పోతుంది తల్లీ. కింద నిలువులోతు మట్టి, తేమ. కుండీకి జానెడు కిందే అడుగు. ఆ మాటే చెప్పబోయాను. అప్పటికే ఆ అమ్మాయి గులాబీ కొమ్మలు కత్తిరించటం మొదలుపెట్టింది. అక్కడ మిరప పండిందని ఎవరిచేత చెప్పించను? ఆసామి కొడుకులు మాట్లాడింది మీ తాతతోనే, నన్ను గుర్తుపట్టరు. కౌలుకి కాగితం లేదు. మీ తాత లేడు. మళ్ళీ పోలేదు నేను.

ఏంటి గొణుగుతున్నావు? గట్టిగా అడుగు.

"నిజంగా భుజం దాకా పెరిగాయా అమ్మమ్మా?"

నువ్వూ అడిగావూ.

...భుజం దాకా కాదులే. నడుము దాకా. నా నడుము కాదు, మీ తాత నడుము, ఆయన పొడుగు కదా. అది మాత్రం నిజం. నా తల్లే, నువ్వు చల్లగా ఉండాలి, నీ మాట పదిమందిలో చెల్లాలి. నడుము దాకా అంటే నమ్ముతావు కదా...